సముద్రపక్షులకి ఒక నిమిషం

ప్రపంచంలో ఏ మూల ఏం కూలినా, ఏం కాలినా, ఎవరు పోయినా, క్లారీ ట్రెంబాత్ ఆస్ట్రేలియాలోని మా కులాబిన్ ఊరి చేత ఒక నిమిషం మౌనం పాటింపజేసేవాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో పరమ బుద్ధిమంతుడు. రోజుకి రెండు గ్లాసుల బీరు, సిగరెట్లు మానేసి ఆరేళ్ళు, పెళ్ళి జోలికి అసలు పోలేదు. గోధుమ గోదాము దగ్గర లారీలు తూచే ఉద్యోగం. పంతొమ్మిది వందల అరవై ఏడులో వానల్లేక గోధుమలే సరిగ్గా పండలేదు కాబట్టి తూచడానికి లారీలు కూడా అంతంత మాత్రమే. ఆయనకి బోలెడంత తీరిక దొరికింది. ఆ తీరికలో పేపరు చదివాడు. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

నా పేరు ఐవీ స్కోల్స్. స్టేషనుకి ఎదురుగా ఉన్న బారు నాదే. మా ఆయన పోయాక నేనే నడుపుకొచ్చాను. క్లారీ నిమిషాల్లో ముప్పాతిక వంతు నా బారులోనే జరిగాయి కాబట్టి వాటికి ప్రత్యక్ష సాక్షినీ నేనే, ప్రధాన బాధితురాలినీ నేనే.

దానికో తంతు ఉండేది. ముందు ఎడమ జేబులోంచి పాత పొగాకు రేకుడబ్బా తీసేవాడు. మూత కొంచెం ఎత్తి, లోపలికి ఓ కన్నేసి, మూసేసేవాడు. తర్వాత కుడి జేబులోంచి స్టాప్‌వాచ్ తీసేవాడు. "మిత్రులారా, ఒక్క నిమిషం," అనేవాడు. ఎవరి కోసమో చెప్పేవాడు. అంతే. టోపీలు దిగిపోయేవి, గ్లాసులు బల్ల మీదికి చేరేవి, నోళ్ళు మూతపడేవి.

కుదరదు పొమ్మంటే పోయేది కదా అంటారేమో. మీరు మా ఊళ్ళో పుట్టలేదు కాబట్టి అంటారు. మావాళ్ళు దేవుణ్ణి తిడతారు, రాణీగారిని తిడతారు, అంపైరునైతే తల్లిదండ్రులతో కలిపి తిడతారు. కానీ ఊరి హాలు ముందున్న రాతి మీద రెండు యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో తమవాళ్ళ పేరు లేని ఇల్లు మా ఊళ్ళో లేదు. నడవడం వచ్చిన దగ్గర్నుంచీ ఆ రాయి ముందు నిలబడి నోరు మూసుకోవడం నేర్చుకున్నాం. మౌనం అన్న మాట వినపడితే చాలు, కాళ్ళు వాటంతటవే దగ్గరకొస్తాయి. పిలిచింది జనరలా, తూకం గుమాస్తానా అని కాళ్ళు చూడవు.

ఆ స్టాప్‌వాచ్ సంగతి కూడా చెప్పాలి. క్లారీ ఇరవై రెండేళ్ళపాటు మా ఫుట్‌బాల్ క్లబ్బుకి టైము చూశాడు. ఆ జనవరిలో క్లబ్బువాళ్ళు కరెంటు గడియారం తెప్పించి, "ఇక నువ్వు విశ్రాంతి తీసుకో క్లారీ," అని ఆ పాత స్టాప్‌వాచ్ ఎర్ర రిబ్బను కట్టి ఆయనకే బహుమతిగా ఇచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. చేతిలో గడియారం పెట్టి, చూడడానికి ఆట లేకుండా చేస్తే మనిషి ఊరుకుంటాడా?

మొదటి నిమిషం సబబైనదే. ఫిబ్రవరిలో హోబార్ట్ నగరం చుట్టూ కార్చిచ్చు రేగి ఒక్క రోజులో అరవైమందికి పైగా కాలిపోయారు. ఆ సాయంత్రం క్లారీ లేచి మౌనం అడిగితే ఎవరూ నవ్వలేదు. మర్నాడు మా ఊరి నుంచి రెండు లారీల దుప్పట్లు కూడా వెళ్ళాయి.

రెండోదానికే నాకు అనుమానం వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే మెల్బోర్న్ జైల్లో ఒక ఖైదీని ఉరి తీశారు. తీయాల్సిందేనని ఊళ్ళో సగం, దేశానికే సిగ్గుచేటని సగం. ఒక శుక్రవారం మాంసం కొట్టు హెక్టర్‌కీ, స్టేషన్‌మాస్టరుకీ మాటా మాటా పెరిగింది. హెక్టర్ కట్టుడు పళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు. హెక్టర్ పళ్ళు తీశాడంటే బారులో కుర్చీలు విరుగుతాయని అర్థం. నేను పైనున్న ఖరీదైన సీసాలు కిందికి దించుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు డబ్బా మూత టిక్కుమంది.

"మిత్రులారా, ఒక్క నిమిషం. అమెరికాలో రాకెట్టు అంటుకుని ముగ్గురు వ్యోమగాములు పోయారు."

"అది పోయిన నెల కదా!" అన్నాను.

"పోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదమ్మాయ్," అన్నాడు క్లారీ గంభీరంగా.

అందరూ నిలబడ్డారు. నా అరచేతిలో హెక్టర్ పళ్ళు నన్ను చూసి నవ్వుతున్నాయి. నిమిషం చాలా సేపు నడిచింది. అయ్యేసరికి హెక్టర్ పిడికిలి దానంతటదే విచ్చుకుంది. పళ్ళడిగి పుచ్చుకుని, పెట్టుకుని, మాంసం కూరిన పై రొట్టె ఒకటి తెమ్మన్నాడు. స్టేషన్‌మాస్టరు సాసు సీసా అటు జరిపాడు.

"క్లారీ, నీ వార్తలన్నీ చద్ది వార్తలే," అన్నాను ఆ రోజు. "పైగా నువ్వు నిలబెట్టిన ప్రతిసారీ నా బీరు వేడెక్కి పాడైపోతోంది."

"బీరు పాడవుతుంది అమ్మాయ్. వార్త పాడవదు," అన్నాడు, డబ్బా జేబులో వేసుకుంటూ.

నేను గానీ, మా ఊళ్ళో ఇంకెవరు గానీ అడగని ప్రశ్న ఒకటుంది. సిగరెట్లు మానేసిన మనిషికి పొగాకు డబ్బా ఎందుకు?

ఏప్రిల్లో గ్రీసు దేశంలో సైన్యం రాత్రికి రాత్రి ప్రభుత్వాన్ని మింగేసింది. మా ఊళ్ళో గ్రీసు అంటే థనాసి ఒక్కడే. కాఫీ, ఐస్‌క్రీము, వేయించిన చేప అమ్మే కొట్టు వాడిది. ఆ సంగతి జరిగిన మూడు వారాలకి, శనివారం మధ్యాహ్నం, కొట్టు నిండా జనం. గోధుమ రైతు మెర్వ్ హాకింగ్ భార్య నార్మా తన పాల గ్లాసులోకి చూసి, మెల్లిగా కుర్చీలోంచి లేచి, గుండెల నిండా గాలి పీల్చింది. నార్మా గొంతు గోదాము అవతలికి వినిపించే గొంతు. గ్లాసులో ఈగ ఉంది.

"మిత్రులారా, ఒక్క నిమిషం," అన్నాడు మూల బల్ల దగ్గర చేప తింటున్న క్లారీ. "గ్రీసు దేశానికి."

నార్మా నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. చెంచాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఈగ కాస్త తేరుకుంది. గ్లాసు అంచెక్కింది, రెక్కలు తుడుచుకుంది, కిటికీలోంచి వెళ్ళిపోయింది. మౌనం అయ్యాక నార్మా గ్లాసులోకి చూసుకుంటే తెల్లటి పాలు తప్ప సాక్ష్యం లేదు. థనాసి మాత్రం తెల్లబోయాడు.

"మా చెల్లెలి మొగుడు ఆ సైన్యంలోనే ఉన్నాడు క్లారీ! వాడికి ఇప్పుడు మేజరు ఉద్యోగం ఇచ్చారు. మౌనం దేనికి?"

"అయితే మీ చెల్లెలికి," అన్నాడు క్లారీ, మళ్ళీ చేప వైపు తిరిగి.

మే నెలాఖరున దేశమంతా ఓట్లు వేసింది. జనాభా లెక్కల్లో ఆదివాసులని కూడా మనుషుల కింద లెక్కపెట్టాలా వద్దా అని. వందకి తొంభైమంది పెట్టాలన్నారు లెండి. ఆ శనివారం సాయంత్రం బారులో సెసిల్ ఉన్నాడు. సెసిల్ ఆదివాసి. మా జిల్లాలో అంత వేగంగా గొర్రె ఉన్ని కత్తిరించేవాడు ఇంకొకడు లేడు. అతని పక్కన మెల్బోర్న్ నుంచి గొర్రెల మందు అమ్మడానికొచ్చిన ఒక ఏజెంటు. నాలుగు గ్లాసులయ్యేసరికి ఏజెంటుకి తెలివి ఎక్కువైంది.

"రేపట్నుంచి వీళ్ళనీ లెక్కపెడతారటగా," అన్నాడు బారంతా వినిపించేలా. "గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెట్టినట్టు, ఒకటి, రెండు..."

టిక్.

"మిత్రులారా, ఒక్క నిమిషం. ఇంగ్లండు దగ్గర చమురు ఓడ రాళ్ళకి గుద్దుకుని మునిగింది. ఆ చమురు అంటుకుని వేల సముద్రపక్షులు చచ్చిపోయాయి."

"పక్షులకా!" అన్నాడు ఏజెంటు. కానీ వాడూ ఏదో ఊళ్ళో ఏదో రాయి ముందు పెరిగినవాడే. టోపీ తీశాడు. సెసిల్ కూడా తీశాడు. సముద్రానికి మూడొందల మైళ్ళ దూరంలో, సముద్రపక్షిని జన్మలో చూడనివాళ్ళు ఇరవైమంది, తలలు వంచుకుని నిలబడ్డారు. నేను గడియారం వైపు చూశాను. నిమిషం, ఒకటిన్నర, రెండు. క్లారీ నిమిషాలు ఎప్పుడూ ఒక్క కొలతకి ఉండేవి కాదు.

అయ్యాక ఏజెంటు తల గోక్కున్నాడు. "ఎక్కడున్నాను నేను?"

"లెక్క దగ్గర," అన్నాడు సెసిల్ చాలా మర్యాదగా. "మీరు నాలుగు తాగారు. నాలుగూ నేనిప్పించినవే. ఈసారి వంతు మీది."

బారంతా గొల్లుమంది. ఏజెంటు వంతు ఇప్పించి మరీ వెళ్ళాడు. సెసిల్ పోతూ పోతూ క్లారీ భుజం మీద చెయ్యి వేసి, "పక్షులు బాగా పనికొచ్చాయి," అన్నాడు. నాకా ముక్క అర్థం కాలేదు. అప్పట్లో నాకు అర్థమయ్యేవి చాలా తక్కువ అనుకోండి.

ఆ తర్వాత క్లారీకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. జూన్‌లో యూదులూ అరబ్బులూ ఆరు రోజులు యుద్ధం చేసుకుంటే, ఆ ఆరు రోజులకీ జూలై అంతా విడతలు విడతలుగా నిలబెట్టాడు. చైనావాళ్ళు పెద్ద బాంబు పేల్చారని మహిళా మండలి కేకుల పోటీలో తీర్పు చెప్పే ముందర నిలబెట్టాడు. పోస్టాఫీసువాళ్ళు ఊళ్ళన్నిటికీ నాలుగంకెల నంబర్లు ఇస్తే, మా ఊరి పేరు చచ్చిపోయినట్టేనని దానికీ ఒక నిమిషం. నేను విసిగిపోయి బల్ల వెనక అట్టముక్క తగిలించాను: "మౌనం మొదలవకముందే డబ్బు చెల్లించవలెను." క్లారీ దాన్ని శ్రద్ధగా చదివి, బాగుందన్నాడు.

ఇక నా గొడవలోకి వస్తాను.

నాకు గ్రేమ్ అని ఒక్కడే కొడుకు. నార్మాకి డగీ అని ఒక్కడే కొడుకు. ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో, ఒకే రోజు, పక్కపక్క మంచాల మీద పుట్టారు. నేను పొద్దున కన్నాను, నార్మా సాయంత్రం కంది. అప్పటి నుంచీ వాళ్ళని విడదీసినవాళ్ళు లేరు. ఫుట్‌బాల్లో డగీ బంతి అందిస్తాడు, గ్రేమ్ గోలు కొడతాడు. ఆ ఏడు గ్రేమ్ ఎనభై మూడు గోల్స్ కొట్టాడు.

వియత్నాంకి కుర్రాళ్ళు కావాలని ఆ రోజుల్లో ప్రభుత్వం లాటరీ తీసేది. పుట్టిన తేదీలు రాసిన గోలీలు పీపాలో వేసి తిప్పేవారు. ఏ గోలీ పడితే ఆ తేదీన పుట్టి ఇరవై ఏళ్ళొచ్చినవాళ్ళు రెండేళ్ళు సైన్యంలోకి. సెప్టెంబరు లాటరీలో మా గోలీ పడింది. ఒకే గోలీ, ఇద్దరు కుర్రాళ్ళు. రెండిళ్ళకీ ఒకే పోస్టులో ఒకేలాంటి కవర్లు వచ్చాయి. నేనూ నార్మా మా రెండిళ్ళ మధ్య కంచెకి అటూ ఇటూ నిలబడి చూసుకున్నాం.

నవంబరులో సైన్యం డాక్టరు ఇద్దర్నీ పరీక్ష చేశాడు. డగీ నెగ్గాడు. గ్రేమ్ తప్పాడు.

"ఎందుకురా?" అన్నాను, సంతోషం బయటికి కనిపించకుండా మొహం బిగబట్టుకుని.

"అరికాళ్ళమ్మా," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "పూర్తిగా చదునట. తడికాళ్ళతో కాగితం మీద నిలబడమన్నాడు. ఆ ముద్ర చూసి, నువ్వు నడుస్తావా ఈదుతావా అని అడిగాడు."

అది నిజమే. వాడు స్నానం చేసి వరండాలో నడిస్తే బాతు వెళ్ళినట్టుండేది. కానీ ఎనభై మూడు గోల్స్ కొట్టిన కాళ్ళు సైన్యానికి పనికిరావంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు? ఏ డాక్టరుకి ఏం ముట్టిందోనన్నారు. చెప్పుల్లో ఏదో పెట్టుకెళ్ళాడన్నారు. బారులో నేను దగ్గరికొస్తే మాటలు ఆపేసేవారు. అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు డగీ తండ్రి మెర్వ్.

మెర్వ్ చెడ్డవాడు కాదు. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు. మా ఆయన పోయినప్పుడు శవపేటికకి ముందు వైపు పట్టింది మెర్వే. కానీ జనవరిలో కొడుకు వెళ్ళిపోతాడన్న భయాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక, తెచ్చి నా కొడుకు నెత్తిన దింపాడు. వీధిలో గ్రేమ్ కనిపిస్తే పాదాల వైపు చూసి ఉమ్మేవాడు.

గ్రేమ్ మంచం కింద సూట్‌కేసు సర్దుకున్నాడు. వెస్టర్న్ ఆస్ట్రేలియా గనుల్లో పనుందట. రెండు వేల మైళ్ళు.

"ఊళ్ళో ఎవడూ ఇంతవరకూ నా మొహం మీద పిరికివాడని అనలేదమ్మా," అన్నాడు. "అందుకే ఉన్నాను. ఒక్కడు అందరి ముందూ ఆ ముక్క అన్నాడంటే, ఆ తర్వాత నేనిక్కడ ఉండలేను."

నాకూ తెలుసు. మా ఊళ్ళో నలుగురి ముందు అన్న మాట ఎప్పటికీ చెరగదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒకతన్ని గొర్రెపిల్ల దొంగ అన్నారు. ఆ గొర్రెపిల్ల మూడో రోజు దానంతటదే ఇంటికొచ్చినా, అతని మనవణ్ణి ఇప్పటికీ దొంగగారి మనవడనే అంటారు.

డిసెంబరు పదిహేడు, ఆదివారం, ప్రధానమంత్రి సముద్రంలో ఈతకి దిగి మరి పైకి రాలేదు. దేశాన్నేలే మనిషి, మిట్టమధ్యాహ్నం, నలుగురూ చూస్తుండగా, అలల్లో మాయమైపోయాడు. సోమవారం నా బారు కిటకిటలాడింది. అందరూ తెచ్చుకున్న టోపీలు చేతుల్లో పట్టుకుని తయారుగా ఉన్నారు. అందరి చూపూ క్లారీ మీదే. క్లారీ బీరు తాగుతున్నాడు.

"ఏవయ్యా క్లారీ, నిమిషం ఏది?" అన్నాడు హెక్టర్.

"ఇంకా వెతుకుతున్నారుగా. శవం దొరకలేదు," అన్నాడు క్లారీ. "మనం మౌనం పాటించేశాక ఆయన నీళ్ళు కార్చుకుంటూ గట్టెక్కాడనుకో. ఎంత మర్యాద తక్కువ!"

మంగళవారం కాదన్నాడు. బుధవారం కాదన్నాడు. శుక్రవారం మెల్బోర్న్‌లో పెద్ద చర్చిలో ప్రార్థనలు జరిగాయి, ఎక్కడెక్కడి దేశాధినేతలో వచ్చారు. మా ఊళ్ళో మాత్రం క్లారీ కదల్లేదు. మెర్వ్ మొహం కందగడ్డయింది.

"కాకులకీ కొంగలకీ నిలబెట్టావు! దేశ ప్రధానికి నిలబెట్టవా?"

"నిలబెడతా మెర్వ్. తొందరేముంది?"

"నీకు మతి పోయింది క్లారీ," అన్నాను నేను కూడా, మనస్ఫూర్తిగా.

శనివారం ఊరి హాల్లో క్రిస్మస్ చెట్టు పండగ. ఆ మధ్యాహ్నం నార్మా కంచె దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకుంది. "ఐవీ, ఇవాళ స్టేజీ మీద మా ఆయన ఏదో అనేలా ఉన్నాడు. నేను చెప్తే వినడం లేదు. గ్రేమ్‌ని రానివ్వకు." నేను లోపలికెళ్ళి గ్రేమ్‌కి చెప్పాను. వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"రాకపోతే ఒప్పుకున్నట్టేనమ్మా," అన్నాడు. సూట్‌కేసు మంచం కింది నుంచి మంచం మీదికి వచ్చి ఉంది.

మాకు క్రిస్మస్ అంటే నడివేసవి, నూట నాలుగు డిగ్రీల ఎండ. సాయంత్రం ఆరైనా తగ్గలేదు. క్రిస్మస్ తాత ఎప్పటిలాగే ఫైరింజన్ మీద గంట కొట్టుకుంటూ వచ్చాడు. ఎప్పటిలాగే ఆ తాత క్లారీయే. బక్కపలచటి మనిషి కాబట్టి పొట్టకి నా బారు దిండ్లు రెండు కట్టాం. ఎర్ర ఉన్ని కోటు, దూది గడ్డం, మొహం నిండా ధారలు కారే చెమట. హాల్లో రెండొందలమంది. క్లారీ చెట్టు కింద కూర్చుని పిల్లల పేర్లు పిలిచి పొట్లాలిస్తున్నాడు. గ్రేమ్ ఐసూ సీసాలూ నింపిన పెద్ద రేకు తొట్టెని ఒక్కడే రెండు చేతుల్తో ఎత్తుకుని హాలు మధ్యకొచ్చాడు.

స్టేజీ మీద మెర్వ్ ధన్యవాదాలు చెబుతున్నాడు. చెట్టు ఇచ్చినవాళ్ళకి చెప్పాడు, ఫైరింజన్ వాళ్ళకి చెప్పాడు. అప్పుడు వాడి కళ్ళు గ్రేమ్ మీద పడ్డాయి. మాట మారింది.

"ఈ హాల్లో మంచి కుర్రాళ్ళున్నారు. వచ్చే నెల దేశం కోసం వెళ్ళే కుర్రాడున్నాడు," అన్నాడు. "ఇంకొకడూ ఉన్నాడు. ఎనభై మూడు గోల్స్ కొట్టే కాళ్ళున్నాయి వాడికి. ఆ కాళ్ళకి దేశం కోసం నాలుగడుగులు వేయమంటే మాత్రం... వాణ్ణి మా రోజుల్లో ఏమనేవాళ్ళమో తెలుసా? వాణ్ణి..."

"మిత్రులారా, ఒక్క నిమిషం!"

క్రిస్మస్ తాత లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో బొమ్మ రైలు, ఇంకో చేతిలో స్టాప్‌వాచ్.

"మన ప్రధానమంత్రిగారికి!"

రెండొందల జతల కాళ్ళు ఒక్కసారి దగ్గరకొచ్చాయి. మెర్వ్ మాట పళ్ళ మధ్యే ఇరుక్కుపోయింది. వారం రోజులుగా ఆ నిమిషం కోసం పోట్లాడింది తానే. మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు. చచ్చినా నోరు తెరవలేడు. తల వంచాడు.

నిమిషం అయింది. క్లారీ గడియారం వంకే చూస్తున్నాడు. రెండు నిమిషాలయ్యాయి. పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. క్లారీ దూది గడ్డం చెమటకి ఒక పక్క ఊడి వేలాడుతోంది. హాలు మధ్యలో నా కొడుకు తొట్టెతో నిలబడిపోయాడు. మౌనంలో కదలకూడదు, దింపకూడదు. ఐసు కరిగి నీళ్ళు వాడి పాదాల మీద పడుతున్నాయి. చేతులు వణకడం మొదలైంది. జబ్బలు పొంగాయి. పళ్ళు బిగించాడు. మూడు నిమిషాలు. నాకు ఆ ఎర్రకోటు ముసలాణ్ణి గొంతు నులిమి చంపెయ్యాలనిపించింది.

అప్పుడు చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, కిర్రు. డగీ కొత్త బూట్లు. సైన్యానికి వెళ్ళేముందు అలవాటు చేసుకోమని వాళ్ళమ్మ కొనిచ్చిన బూట్లు. మా ఊరి చరిత్రలో మౌనంలో నడిచినవాడు డగీ ఒక్కడే. గోడ దగ్గర్నుంచి బయల్దేరి, హాలంతా దాటి, కిర్రుకిర్రుమంటూ వచ్చి, ఏం మాట్లాడకుండా తొట్టెకి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు. స్టేజీ మీంచి మెర్వ్ తన కొడుకుని చూశాడు, నా కొడుకుని చూశాడు, మధ్యలో ఉన్న తొట్టెని చూశాడు.

"చాలు. కృతజ్ఞతలు," అన్నాడు క్లారీ.

హాలంతా ఊపిరి వదిలింది. మెర్వ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు.

"నేను... ఎక్కడున్నాను?"

"సాండ్‌విచ్‌ల దగ్గర!" అంది నార్మా వెనక నుంచి, గోదాము అవతలికి వినిపించేలా.

"ఆఁ... సాండ్‌విచ్‌లు చేసిన ఆడవాళ్ళందరికీ," అన్నాడు మెర్వ్, "చాలా చాలా ధన్యవాదాలు." స్టేజీ దిగి, నేరుగా ఆ తొట్టె దగ్గరికెళ్ళి రెండు సీసాలు తీశాడు. ఒకటి డగీకిచ్చాడు. ఇంకొకటి ఒక క్షణం చేతిలోనే పట్టుకుని, గ్రేమ్‌కిచ్చాడు. తర్వాత బయటికెళ్ళి తన లారీలో ఒక్కడే చాలా సేపు కూర్చున్నాడు.

డగీ తిరిగొచ్చాడు లెండి, రెండేళ్ళ తర్వాత, బాగా ఒళ్ళు చేసి. మరుసటి సీజనుకి బంతి అందుకోలేక ఆయాసపడితే గ్రేమ్ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మర్నాడు ఆదివారం, బారుకి సెలవు. వంటింట్లో క్రిస్మస్ తాత కోటూ ప్యాంటూ ఉతకడానికి జేబులు తిరగేశాను. పొగాకు డబ్బా బయటపడింది. మూత తీశాను. లోపల పేపరు ముక్కలు, మడతలు పెట్టి. వెనక పెన్సిలుతో చిన్న చిన్న రాతలు. వ్యోమగాములు: హెక్టర్ పళ్ళు. గ్రీసు: థనాసి ఈగ. పక్షులు: సెసిల్. చైనా బాంబు: రెండో బహుమతి కేకు. అన్నిటికన్నా అడుగున ప్రధానమంత్రి బొమ్మ. వెనక ఇలా ఉంది: గ్రేమ్‌కి దాచాలి. ఇంకెక్కడా వాడకూడదు.

డబ్బా కోసం క్లారీ వెనక గుమ్మంలోంచి వచ్చాడు. నా చేతిలో అది చూసి, బిస్కెట్లు దొంగిలించిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

"అంటే ఆ పక్షులూ అవీ అన్నీ..."

"పక్షులు నిజంగానే చచ్చిపోయాయి అమ్మాయ్. వాటికి ఎవరో ఒకరు నిలబడాలిగా. ఎలాగూ నిలబడేదే, పనికొచ్చేటప్పుడు నిలబడితే నష్టమేముంది?" టోపీ అంచు నలుపుకున్నాడు. "యుద్ధంలో నేను వంటవాణ్ణి. కుర్రాళ్ళు పోట్లాటకి దిగితే గరిటెతో గిన్నె మీద కొట్టేవాణ్ణి. ఒక్క నిమిషం ఆగేవాళ్ళు. ఆ నిమిషం ఆగితే చాలు, తర్వాత వాళ్ళకే సిగ్గేసేది."

"మరి మెర్వ్ అంటాడని నీకెలా తెలుసు?"

"సోమవారం తూకం దగ్గర లారీ దిగకుండా అద్దంలో చూసుకుంటూ ఆ ఉపన్యాసం వల్లించాడు. మూడు రకాలుగా. మూడోది బాగా కుదిరింది కూడా." క్లారీ నిట్టూర్చాడు. "మెర్వ్ అధ్యక్షుడు. చిన్నాచితకా దానికి ఆగడు. డబ్బాలో చూస్తే బ్రిటిష్ పౌండు విలువ పడిపోయిన వార్త ముక్క ఒక్కటే మిగిలింది. పౌండుకి మెర్వ్ ఆగుతాడా? పెద్దది కావాలి. ఆదివారమే రేడియోలో చెప్పారు కదా, ప్రధానమంత్రి... ఏం చెయ్యను? వారమంతా మీ అందరి చేతా తిట్లు తిని దాచాను."

మతి పోయిందని తిట్టినవాళ్ళలో నేనున్నాను. గ్రేమ్ గదిలోంచి బట్టలు బీరువాలో సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఖాళీ సూట్‌కేసు అప్పటికే అటక మీదికెక్కింది.

"క్లారీ, నువ్వే గనక లేకపోతే నా కొడుకు..." అని మొదలుపెట్టాను. మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

ఆయన కంగారుపడిపోయాడు. అటూ ఇటూ చూశాడు. నా చేతిలోంచి డబ్బా లాక్కుని, లోపలికి ఓ కన్నేసి, మూత పెట్టి, స్టాప్‌వాచ్ తీశాడు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం."

"ఇప్పుడెవరికి?"

"బ్రిటిష్ పౌండుకి. పడిపోయి నెల దాటింది. పాపం ఒక్కరూ నిలబడలేదు."

నిలబడ్డాను. ఏం చేస్తాను, నేనూ ఆ ఊళ్ళో పుట్టినదాన్నే. క్రిస్మస్ తాత ప్యాంటు గుండెలకి హత్తుకుని, బ్రిటిష్ పౌండు ఆత్మశాంతి కోసం తల వంచి నిలబడ్డాను. నిలబడి క్లారీ చేతిలో గడియారం వంక చూశాను. ఇంత దగ్గర్నుంచి అంతకు ముందెప్పుడూ చూడలేదు. దాని ముల్లు కదలడం లేదు.

"చాలు," అన్నాడు ఆయన కాసేపటికి.

"క్లారీ, ఆ గడియారం ఆగిపోయింది."

"అది ఎప్పుడు నడిచింది గనక? నడిచే గడియారం క్లబ్బువాళ్ళు ఊరికే ఇస్తారా?"

"మరి నిమిషం అయినట్టు నీకెలా తెలుస్తుంది?"

"నువ్వు ముక్కు ఎగబీల్చడం ఆపావుగా, అయిపోయినట్టే," అన్నాడు క్లారీ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "టీ పెట్టు."